వాచిన కాలికి అత్తమ్మ కట్టిన కట్టు

ఆపరేషన్ జరిగి ఈ నెలకు పదకొండు నెలలైంది. కాలు మీద కాస్త నమ్మకం కుదిరాక రాద్దామని ఇన్నాళ్లూ ఆగాను. పోయిన వారం ఇబ్రహీంపట్నం బస్టాండులో కూర్చుని ఉంటే, పక్కనున్న ఒకామె చీర అంచు కింద కనిపిస్తున్న నా బిగుతు సాక్సును చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా నోరు విప్పింది. వాళ్ల తమ్ముడి చేయి మిషన్‌లో పడి నలిగిందట. ఎముక అతికి రెండేళ్లయినా చేయి వాచే ఉందట, ఎవరికి చూపించాలో తెలియడం లేదట. బస్సు వచ్చేలోగా నేను చెప్పగలిగింది కొంచెమే. మిగిలింది ఇక్కడ చెబుతాను.

నేను డాక్టర్‌ని కాదు, అంగన్‌వాడీ టీచర్‌ని. పేరు సుగుణ. మా ఆయన యాదయ్య పెద్ద చెరువులో చేపలు పడతాడు. మా అత్తమ్మ సత్తెమ్మ వలలు అల్లుతుంది, చినిగినవి బాగు చేస్తుంది. కూతురు మానస ఇంటర్ చదువుతోంది. మేం నలుగురం ఒకే ఇంట్లో ఉంటాం. ఈ కథంతా ఆ నలుగురి మధ్యే నడిచింది.

మూడున్నర ఏళ్ల కింద, వానాకాలం

తుర్కయాంజాల్‌లో ఉండే మా చెల్లెలికి జ్వరమని తెలిసి చూడబోయాను. తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటో ఎక్కాను. సన్నగా వాన పడుతోంది. నేను అంచున కూర్చున్నాను. సాగర్ రోడ్డు మీద నీళ్లు నిలిచిన గుంత చివరి క్షణంలో కనిపించి డ్రైవర్ ఆటోను ఒక్కసారిగా పక్కకు తిప్పాడు. అది నా వైపే ఒరిగి పడింది. నా కుడికాలు ఆటో ఇనుప చట్రానికీ రోడ్డుకూ మధ్య ఇరుక్కుని కొంత దూరం ఈడ్చుకుపోయింది.

ఆ సమయంలో నొప్పి గుర్తు లేదు. నా చెప్పు ఎక్కడ పడిందా అని వెతుక్కోవడం గుర్తుంది. నలుగురు మగవాళ్లు ఆటోను చేతులతో లేపారు. ఆదిభట్లకు పోతున్న కంపెనీ బస్సు ఆగింది. అందులోంచి ఒక అమ్మాయి దిగి, మెడలో కార్డుతోనే రోడ్డు మీద మోకాళ్లూని, తన చున్నీ తీసి నా కాలికి గట్టిగా చుట్టింది. అంబులెన్స్ వచ్చేదాకా నా చేయి పట్టుకునే ఉంది. ఆమె పేరు అడగాలన్న తెలివి నాకు లేకపోయింది.

మోకాలి కింద ఎముక విరిగింది. అంతకంటే పెద్ద దెబ్బ చర్మానిది. తొడ లోపలి వైపు నుంచి మోకాలి కింది వరకు చర్మం లేచిపోయింది. ఎముకకు రాడ్ వేశారు. ఎడమ తొడ నుంచి పలచగా చర్మం తీసి కుడికాలికి అతికించారు. మూడు నెలలు మంచం మీదే ఉన్నాను. ఆ మూడు నెలలూ నా తల దువ్వింది, నన్ను బాత్రూంకు తీసుకెళ్లింది, అన్నం కలిపి పెట్టింది అత్తమ్మే. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఆమె గురించి రాయబోయేది చదివి మీరు ఆమెను తప్పుగా అనుకోకూడదు.

మరుసటి ఏడాది

నడక వచ్చింది. అందరం గండం గడిచిందనుకున్నాం. కానీ సాయంత్రానికి పాదం ఉబ్బేది. పొద్దున లేచేసరికి తగ్గేది. ఎముక చూసిన డాక్టర్, దెబ్బ తగిలిన కాలు కదా, కొన్నాళ్లు ఇలాగే ఉంటుంది, దిండు మీద పెట్టుకో అన్నాడు. పెట్టుకున్నాను. ఎండాకాలం వచ్చేసరికి పొద్దునకు కూడా తగ్గడం మానేసింది. కాలి మెట్టెను సబ్బు నురగ పెట్టి తీసి దాచాను. చెప్పుల పట్టీ కోయించాను. ఆ తర్వాత చెప్పులే మార్చాను, కుడికాలికి మగవాళ్ల సైజు, ఎడమకాలికి నా సైజు.

మొదట్లో వేలితో నొక్కితే గుంట పడేది. కొన్ని నెలలకు నొక్కినా పడడం లేదు. చర్మం దళసరి తోలులా అయింది. నొప్పి కంటే బరువు ఎక్కువ. నీళ్లలో నానిన గోనెసంచి కాలికి కట్టుకుని నడుస్తున్నట్టు ఉండేది. అంగన్‌వాడీలో నేల మీద పిల్లలతో కూర్చోవడమే నా ఉద్యోగం. కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి, లేదంటే ఆయమ్మ బాలమణి చేయి అందించాలి. పిల్లలకు అది ఆటైంది. టీచర్ లేస్తున్నదంటే నలుగురు వచ్చి నా చీర పట్టుకుని గుంజేవాళ్లు.

చూపించుకున్న ప్రతిచోటా ఎక్స్‌రే తీసేవాళ్లు. ఎముక బాగా అతికింది అనేవాళ్లు. అతికిందని నాకూ తెలుసు. నేను అడిగేది ఎముక గురించి కాదు. ఆ మాట గట్టిగా ఒక్కరితోనూ అనలేకపోయాను. మీలో ఎవరికైనా దెబ్బ మానిన తర్వాత కూడా వాపు అలాగే ఉండిపోతే, ఎముక బాగుందన్న జవాబుతో ఇంటికి రాకండి. నేను ఏడాదిన్నర అలా వస్తూనే ఉన్నాను.

రెండో ఎండాకాలం

ఒక సోమవారం స్వరూప అనే తల్లి తన పాపను పంపలేదు. మంగళవారం మరో ఇద్దరు రాలేదు. బాలమణి రెండు రోజులు దాచి, మూడో రోజు గుడ్లు ఉడకబెడుతూ నా వైపు చూడకుండానే చెప్పింది. టీచర్‌కు బోదకాలు వచ్చింది, పిల్లలకు అంటుకుంటుంది అని బజారులో అనుకుంటున్నారట.

ఆ సాయంత్రమే ప్రభుత్వ దవాఖానకు పోయి రక్తపరీక్షకు పేరు రాయించుకున్నాను. బోదకాలు పురుగు లేదని తేలింది. ఆ కాగితం సూపర్‌వైజర్ మేడంకు చూపించాను. ఆమె మంచి మనిషే. నమ్ముతున్నాననే అంది. అయినా కొన్నాళ్లు సెలవు పెట్టుకుంటే బాగుంటుందేమో అని కూడా అంది. నేను పెట్టనన్నాను. కాగితం జిరాక్స్ తీయించి సెంటర్ తలుపుకు అతికించాను. మరుసటి రోజు ఎవరో చింపేశారు.

బయటివాళ్ల సంగతి ఎలా ఉన్నా, ఇంట్లో జరిగింది నన్ను ఎక్కువ బాధపెట్టింది. అత్తమ్మ నా బట్టలు వేరే బకెట్‌లో నానబెట్టడం మొదలుపెట్టింది. నా చాప మడిచి వేరే మూల పెట్టేది. మానసను నా పక్కన పడుకోవద్దని ఏదో ఒక సాకుతో పిలుచుకునేది. మూడు నెలలు నా కాలిని ఒడిలో పెట్టుకున్న మనిషి, ఇప్పుడు నేను ఎదురొస్తే గోడ వైపు జరిగేది. ఒకరోజు అడిగేశాను. "కాగితం చూసినవ్ గద అత్తమ్మ, నాకు గా రోగం లేదని రాసిండ్రు గద." ఆమె వల మీంచి తల ఎత్తలేదు. "కాయితాలు నాకేమెరుక బిడ్డా. కాలు కండ్లకు కనబడుతున్నది గద," అంది.

యాదయ్య తల్లితో గొడవ పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరి మధ్య మాటలు తగ్గిపోయాయి. అతను చెరువు నుంచి వచ్చి చేపల బుట్ట దించి, అన్నం తిని, ఏమీ అనకుండా బయటికి పోయేవాడు. ఇంట్లో ఇంత నిశ్శబ్దానికి కారణం నా కాలే అనిపించేది. మానస పరీక్షలకు చదువుకుంటూ రెండు చెవులూ మూసుకునేది.

దసరా ముందు

అత్తమ్మ తన తరఫున ఒక ప్రయత్నం చేసింది. మంచాల మండలం వైపు ఒక ఊళ్లో ఆకుపసరు కట్టే మనిషి ఉన్నాడని ఎవరో చెబితే, నన్ను తీసుకుపోతానంది. నాకు నమ్మకం లేదు. అయినా ఆమె నన్ను తోడు తీసుకుని ఎక్కడికైనా పోతానని చాలా రోజుల తర్వాత అంది. అందుకే పోయాను. ఇది నా తప్పే, ఆమెది కాదు.

ఆయన నూరిన ఆకు మందంగా రాసి గుడ్డ చుట్టి, మూడు రోజులు విప్పొద్దన్నాడు. రెండో రోజుకే లోపల మంట మొదలైంది. మూడో రోజు మధ్యాహ్నం పిల్లలకు పాట చెప్పిస్తుంటే వణుకు పుట్టింది. పళ్లు టకటకలాడుతున్నాయి. బాలమణి నన్ను రెండు చాపల్లో చుట్టి యాదయ్యకు ఫోన్ చేసింది. గుడ్డ విప్పేసరికి కాలంతా బొబ్బలు, మోకాలి దాకా ఎర్రగా కమిలిపోయి ఉంది. చేయి పెడితే పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంది.

వారం రోజులు దవాఖానలో సెలైన్ ఎక్కించారు. అక్కడి డాక్టర్ నా కాలిని ఎక్స్‌రేకు పంపలేదు. రెండు చేతులతో పట్టుకుని, పాదం మీది చర్మాన్ని చిటికెతో పైకి తీయబోయాడు. రాలేదు. పాత మచ్చను తడిమి చూశాడు. వాపు ఎప్పుడు మొదలైంది, ఎక్కడ నుంచి మొదలైంది అని ఓపిగ్గా అడిగాడు. రెండేళ్లలో ఆ ప్రశ్నలు అడిగిన మొదటి మనిషి ఆయనే. ఇది ఎముక డాక్టర్లు చూసేది కాదనీ, పట్నంలోని పెద్ద దవాఖానలో ప్లాస్టిక్ సర్జరీ విభాగానికి పొమ్మనీ చీటీ రాసిచ్చాడు. ప్లాస్టిక్ సర్జరీ అంటే ముఖం అందంగా చేసేదని మాత్రమే నాకు తెలుసు.

దవాఖానలో ఉన్న వారం రోజులూ అత్తమ్మ వార్డు లోపలికి రాలేదు. తలుపు దగ్గర కూర్చుని టిఫిన్ డబ్బా మానస చేతికిచ్చి పంపేది. పసరు కట్టించింది తనేనన్న బాధతో రాలేదని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నన్ను ముట్టుకోవడం ఇష్టం లేకనే అనుకున్నాను.

చలికాలం, పట్నం

పెద్ద దవాఖానలో ప్లాస్టిక్ సర్జరీ వాళ్ల హాలులో నాలుగు వరుసల ఇనుప కుర్చీలు. మొదటి రోజు యాదయ్యతో పోతే మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ హాలులో కూర్చున్నాక నాకు ఒకటి అర్థమైంది. మా ఊళ్లో అలాంటి కాలు నాదొక్కటే. ఇక్కడ నా కాలి వైపు ఎవరూ చూడటం లేదు. కాలిన చేతులు, కుట్టిన పెదాలు, వాచిన కాళ్లు పక్కపక్కనే కూర్చుని టీ తాగుతున్నాయి.

నా పక్కన నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె ఉంది, పేరు అంజమ్మ. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక ఆమె చేయి వాచిందట. దానికి ఇక్కడే మళ్లీ ఆపరేషన్ చేయించుకుంది. నేను కాలు వేలాడేసి కూర్చోవడం చూసి, తన సంచి నేల మీద నిలబెట్టి దాని మీద నా కాలు పెట్టించింది. లోపల చపాతీలు ఉన్నాయి కదా అంటే, మెత్తగానే ఉంటయ్ పెట్టు అంది. భయమేసిందా అని అడిగాను. "భయం ఆపరేషన్‌ది గాదు బిడ్డా, ఆపరేషన్ అయినంక ఓపిక పట్టుడే ఉన్నది సూడు, అది కష్టం," అంది. ఆ మాట ఎంత నిజమో నాకు వేసవిలో తెలిసింది.

డాక్టరమ్మ నా వయసే ఉంటుంది. తక్కువ మాట్లాడుతుంది. ఒక పరీక్ష చేయించింది. కాలి వేళ్ల సందుల్లో సూదులతో ఆకుపచ్చ మందు ఎక్కించారు. మొత్తం వైద్యంలో నాకు కళ్ల నీళ్లు తెప్పించినవి ఆ సూదులే. గదిలో లైట్లు తీసేసి కాలి మీద కెమెరా పెట్టారు. ముందు ఎడమకాలు చూపించింది. తెర మీద పాదం నుంచి పైకి సన్నని వెలుగు దారాలు నాలుగైదు, చక్కగా మోకాలు దాటి పోతున్నాయి. తర్వాత కుడికాలు. దారాలు పిక్క దాకా వచ్చాయి. అక్కడి నుంచి దారి లేదు. వెలుగు చర్మమంతా పొగమంచులా కమ్మేసింది.

ఒంట్లో రక్తం తిరిగినట్టే లింఫ్ అనే నీరు కూడా తిరుగుతుందని, దానికి సన్నని దారులు ఉంటాయని ఆమె చెప్పింది. ఆ రోజు రోడ్డు మీద చర్మంతో పాటు ఆ దారులు కూడా తెగిపోయాయి, మచ్చ గట్టిపడి మిగిలినవాటినీ నొక్కేసింది. నీరు పైకి పోలేక కాలులోనే నిలిచిపోతోంది. యాదయ్య తెర వైపే చూస్తూ, "మా చెర్వుకు నీళ్లొచ్చే కాల్వల మీద ప్లాట్లు చేసినట్టు," అన్నాడు. ఆమె మొదటిసారి నవ్వి, అచ్చం అలాగే అంది.

"అయితే ఇది బోదకాలు కాదా మేడం," అని అడిగాను. కాదని తెలిసే అడిగాను. ఆ మాట ఒక డాక్టర్ నోటితో వినాలి నాకు.

"కాదమ్మా. ఇది దెబ్బ వల్ల వచ్చిన వాపు. మీ నుంచి ఎవరికీ ఏమీ అంటదు."

ఆపరేషన్ గురించి ఆమె ఏదీ దాచలేదు. మచ్చను తీసి మెత్తటి చర్మం తెచ్చి వేస్తారు. ఇంకా పనిచేస్తున్న లింఫ్ దారులను మైక్రోస్కోప్ కింద చూస్తూ పక్కనున్న సన్నని రక్తనాళాలకు కలుపుతారు. కాలు మునుపటిలా అవుతుందని హామీ ఇవ్వలేనంది. కొందరికి బాగా తగ్గుతుంది, కొందరికి కొంతే. బిగుతు సాక్సు మాత్రం చాలా ఏళ్లు వేసుకోవాలి. ఇంకో షరతు కూడా పెట్టింది. అంతకుముందు కనీసం ఆరు వారాలు రోజూ కాలికి కట్టు కట్టి వాపు దించాలి. చర్మం మెత్తబడకపోతే కత్తి పెట్టనంది.

కట్టు

ఆ కట్టు మామూలు కట్టు కాదు. వేలు వేలుకూ సన్న పట్టీ, దాని మీద దూది పొర, దాని మీద వెడల్పు పట్టీలు నాలుగు. పాదం దగ్గర బిగువు ఎక్కువ ఉండాలి, పైకి పోయేకొద్దీ తగ్గుతూ రావాలి. ఎక్కడా ముడత పడకూడదు. తప్పు కడితే వాపు పాదంలోకే దిగుతుంది. ఫిజియోథెరపీ అమ్మాయి యాదయ్యకు రెండుసార్లు నేర్పి, వీడియో కూడా తీసి ఇచ్చింది. రోజూ పట్నం పోయి రావడం మా వల్ల అయ్యేది కాదు.

మొదటి రోజు యాదయ్య కట్టిన కట్టుకు వేళ్లు నీలంగా మారాయి. రెండో రోజు వదులుగా కడితే నాలుగడుగులకే జారి చీలమండ దగ్గర కుప్పగా పడింది. నేనే కట్టుకుందామంటే మోకాలు అంత వంగదు. మూడో రోజు ముగ్గురం చెమటలు పట్టి కూర్చున్నాం. మానస వీడియో ఆపి మళ్లీ పెడుతోంది. అత్తమ్మ గడప దగ్గర వల ముందేసుకుని ఇదంతా మూడు రోజులుగా చూస్తోంది.

నాలుగో రోజు వల పక్కన పెట్టి వచ్చింది.

"గుంజకు రా. నువ్వు కాలు కడ్తున్నవా, బర్రెను కడ్తున్నవా. ఇటియ్యి."

యాదయ్య చేతిలోంచి పట్టీ తీసుకుంది. నా ఎదురుగా నేల మీద కూర్చుని నా పాదం వైపు చూసింది. తర్వాత చీర కుచ్చెళ్లు సర్దుకుని నా పాదాన్ని రెండు చేతులతో ఎత్తి ఒడిలో పెట్టుకుంది. ఏడెనిమిది నెలల తర్వాత ఆమె చేయి నా ఒంటికి తగిలింది.

ఆమె వీడియో చూడలేదు. వీడియోలో ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పినదంతా మూడు రోజులుగా వింటూనే ఉంది. నలభై ఏళ్లు వలలు అల్లిన వేళ్లవి. పట్టీని ఎంత లాగాలో అవి చూసుకున్నాయి. వల కన్ను బిగుతైతే దారం తెగుతుంది, వదులైతే చేప పోతుంది, దీనికి కూడా గంతే అంది. మర్నాడు పొద్దున కట్టు విప్పితే పాదం మీద సన్న సన్న గీతల్లా ముడతలు పడి ఉన్నాయి. రెండేళ్లుగా ముడత ఎరగని చర్మం.

అప్పటి నుంచి ఆ పని ఆమెదే. రోజుకు ముప్పావు గంట పట్టేది. ఒకరోజు పట్టీ చుడుతూ చుడుతూ తనంతట తానే చెప్పింది.

"మా అక్క రాములమ్మకు గిట్లనే వాసింది. నాకు పన్నెండేండ్లుంటయ్. మా అవ్వ అక్కను కొట్టంల పండవెట్టింది. బువ్వ నేనే తీస్కవోయేది. గడప కాడ వెట్టి వచ్చేది. ఒకపారి కాలు నొస్తుంది, జర ఒత్తు చెల్లె అన్నది. నేను ఉరికిన."

పట్టీ చివర చేతిలోనే పట్టుకుని ఆగింది. తర్వాత అడిగింది. "డాక్టరమ్మ చెప్పిందట గద. గా బోదకాలు గూడ ముట్టుకుంటె అంటదా?"

అబద్ధం చెప్పాలనిపించింది. కానీ ఊళ్లో తల్లులకు నెలనెలా ఆరోగ్యం గురించి చెప్పే ఉద్యోగం నాది. "లేదు అత్తమ్మ. దోమతోని వస్తది. ముట్టుకుంటె రాదు," అన్నాను.

ఆమె మోకాలి దాకా కట్టు పూర్తి చేసి, చివర అంటించి, నా పాదం మీద చేయి పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆమె ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది.

మాఘం

ఏడో వారంలో డాక్టరమ్మ నా కాలి చర్మాన్ని చిటికెతో పట్టుకుని, ఇక చేయొచ్చు అంది. కట్టు కట్టింది ఎవరని అడిగింది. మా అత్తమ్మ అని చూపిస్తే, ఏ దవాఖానలో చేస్తారమ్మా మీరు అంది. అత్తమ్మకు ఆ ప్రశ్న అర్థం కాలేదు.

ఆపరేషన్ ముందు రోజు మానస నా ఫోన్‌లో ఉన్న పాత ఫోటో చూపించింది, చెరువు కట్ట మీద నేను రెండు కాళ్లకూ ఒకే సైజు చెప్పులతో నిలబడింది. అది చూస్తే ధైర్యం వస్తుందనుకుంది పిల్ల. నాకు మాత్రం, ఇంతా చేసి ఆ కాలు మళ్లీ రాకపోతే ఇంట్లో వీళ్ల ముఖాలు ఎలా చూడాలా అనే భయం పట్టుకుంది. చావు భయం కాదు అది. వీళ్లు పడిన కష్టం వృథా అవుతుందేమోనన్న భయం.

పొద్దున తీసుకుపోయి సాయంత్రం బయటికి తెచ్చారు. వెంట్రుక కంటే సన్నని దారంతో మూడు చోట్ల దారులు కలిపారట. బయట కూర్చున్నవాళ్ల సంగతి మానస తర్వాత చెప్పింది. ఎప్పటి నుంచో సరిగ్గా మాట్లాడుకోని తల్లీ కొడుకులు ఆ రోజంతా ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, ఏమీ లేదు, నాయినమ్మ నాన్నతో రెండుసార్లు నీళ్లు తాగించింది అంది.

వారం రోజులు కాలు ఎత్తుగా పెట్టుకుని పడుకున్నాను. పక్క మంచం ఆమెను చూడవచ్చేవాళ్లు లేరు. అత్తమ్మ ఆమెకూ ఒక ముద్ద పెట్టేది. ఈసారి వార్డు తలుపు దగ్గర ఆగలేదు.

ఆ తర్వాత

అంజమ్మ చెప్పిన ఓపిక సంగతి ఇప్పుడు వచ్చింది. మొదటి రెండు నెలలు కాలు తగ్గకపోగా కొంచెం ఉబ్బింది. కుట్లు మానుతున్నప్పుడు అలాగే ఉంటుందని ముందే చెప్పారు. తెలిసి ఉండటం వేరు, రోజూ పొద్దున లేచి చూసుకోవడం వేరు. మానస వారానికోసారి కాలి మీద పెట్టిన గుర్తుల దగ్గర టేపుతో కొలిచేది. నాకు చెప్పకుండా నోట్‌బుక్‌లో రాసుకునేది. చెప్పలేదంటే తగ్గలేదని నాకు అర్థమయ్యేది. మేలో ఒకసారి మళ్లీ జ్వరమొచ్చింది. కాలు ఎర్రబడింది. మొత్తం పోయిందనుకున్నాను. డాక్టరమ్మ ఇచ్చి ఉంచిన మాత్రలు వెంటనే వేసుకోవడంతో మూడు రోజుల్లో సర్దుకుంది. ఇంతకుముందు వారం పట్టింది, ఈసారి మూడు రోజులే కదా, అది మంచి గుర్తు అని ఆమె ఫోన్‌లో చెప్పింది. ఆ మాట మీద ఒక నెల బతికాను.

తొలకరి వానలు పడుతున్నప్పుడు ఒక పొద్దున అత్తమ్మ కట్టు విప్పి, కళ్లద్దాలు తెచ్చుకుని మళ్లీ చూసింది. "ఇదేంది," అంది. వంగి చూశాను. చీలమండ ఎముక. గుండ్రంగా, చిన్నగా, లోపలి నుంచి బయటికి వస్తున్నట్టు కనిపిస్తోంది. రెండేళ్లుగా అది కనిపించలేదు. నేను దాన్ని వేలితో తాకి చూసుకున్నాను. యాదయ్య చెరువు నుంచి రాగానే అతనికీ చూపించాం. అతను తడి చేతులు లుంగీకి తుడుచుకుని వచ్చి చూసి, బయటికి పోయి బీడీ వెలిగించుకున్నాడు.

కాలు ఇప్పుడు ఎడమకాలి అంత లేదు. ఎప్పటికీ కాకపోవచ్చు. సాయంత్రానికి కొంచెం బరువెక్కుతుంది. రోజంతా సాక్సు వేసుకుంటాను, ఎండాకాలంలో అది చిన్న శిక్షే. ఉత్త కాళ్లతో నడవను, చెరువులో కాలు పెట్టను, గీత పడితే కూడా మందు రాస్తాను. అయితే రెండు కాళ్లకూ ఒకే జత చెప్పులు కొన్నాను. నేల మీద కూర్చుని గోడ పట్టుకోకుండా లేస్తున్నాను. నా చీర పట్టుకుని గుంజే ఆట పోయిందని పిల్లలకే కొంచెం దిగులు.

స్వరూప కూతురు ఇప్పుడు బడికి పోతోంది. వాళ్ల చిన్నవాడిని మొన్న సెంటర్‌లో చేర్పించింది. పాత మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నెల మీటింగులో తల్లులందరి ముందూ సాక్సు తీసి కాలు చూపించాను. ఎందుకు వాచిందో, ఎందుకు అంటుకోదో చెప్పాను. ముందుకు వంగి దగ్గరగా చూసినవాళ్లలో స్వరూప కూడా ఉంది.

పోయిన నెల చెకప్‌కు అత్తమ్మా నేనూ పోయాం. అదే హాలు, అవే ఇనుప కుర్చీలు. మా ముందు వరుసలో నలభై ఏళ్ల లారీ డ్రైవర్ ఒకతను, అతని కాలు నాది ఒకప్పుడు ఉన్నట్టే ఉంది. కొత్తగా ఇచ్చిన పట్టీలు పట్టుకుని తనకు తానే కట్టుకోవాలని చూస్తున్నాడు. అతని భార్య రెండు కుర్చీలు వదిలేసి కూర్చుని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అత్తమ్మ కొంతసేపు చూసింది. తర్వాత లేచి పోయి అతని ముందు నేల మీద కూర్చుంది. భార్యను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది. అతని పాదం ఎత్తి ఆమె ఒడిలోనే పెట్టింది. పట్టీ ఆమె చేతికిచ్చి, ఆ చేతి మీద తన చేయి వేసి, వేళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టించింది.

ఇంతలో మా నంబరు పిలిచారు. రెండోసారి కూడా పిలిచారు. నేను పోయి అత్తమ్మ భుజం తట్టాను. ఆమె తల ఎత్తలేదు.

"డాక్టరమ్మను జర ఆగుమను," అంది. "ఈమె ఇంక మోకాలు దాక రాలె."